న్యాయసభలో మనశ్శాస్త్రము



ఈ సాయంకాలము నేను మీకు విన్నవింపదలచినది ఒక నూతన విద్యను గూర్చి. దానిని ఇంగ్లీషున ఫోరెన్సిక్ సైకాలజీ అందురు. మన భాషలో న్యాయ మనశ్శాస్త్రము అనవచ్చును. పేరు వినగానే ఇది పట్టణవాసుల గొడవ, మనకెందుకని తలపవలదు. సాక్ష్యము చెప్పువాడును, చెప్పించువాడును, విని తీర్పు చెప్పువాడును గల ప్రతి తావునను దీనితో పని యున్నది. పెద్దమనుష్యులు కూర్చుండి తగవు తీర్పని ఊరు మన దేశములో ఏది? అంతియకాక మన గ్రామముల పిల్లలు కొందరు ఈ విద్యకై ఇంగ్లండు మొదలగు దేశములకు పోవ నుద్దేశించుచున్నారు. వారి కోరికకు సమ్మతి నీయవలసినవారును, అవసరమైనచో పొలము తాకట్టు పెట్టవలసినవారును మీరే. కనుక దీని స్వరూపమును మీరెరుగుట మేలు.

మొదట పేరును విచారింతము. పూర్వము రోము నగరము నడుమ ఫోరమ్ అను బయలు ఉండెడిది. అంగడియు అచ్చటనే, సభయు అచ్చటనే, వ్యాజ్యముల విచారణయు అచ్చటనే. మన రచ్చ వంటిదని గ్రహింపుడు. ఆ ఫోరమ్ నుండి పుట్టినదే ఫోరెన్సిక్ అను విశేషణము. కాబట్టి రచ్చలో నిలుచు మనుష్యుని మనస్సు ఎట్లు పనిచేయునో విచారించు శాస్త్రమే ఈ శాస్త్రము.

సినిమాలలో ఒక మేధావి ముద్దాయి మొగము చూచినంతనే గుట్టు విప్పుట మీరు చూచియుందురు. ఈ విద్య అది కాదు. సాక్షి జ్ఞాపకము ఎంతవరకు నమ్మదగినది, పోలీసుల యెదుట ఒప్పుకొన్నవాడు నిజముగా చేసినవాడేనా, మతి చలించిన స్థితిలో నేరము చేసినవానిని ఎట్లు చూడవలెను, శిక్ష ముగిసి ఇంటికి పోవువాడు మరల నేరము చేయకుండుటకు ఏమి చేయవలెను, నేరమునకు గురియైన బిడ్డను మరింత బాధింపక ప్రశ్నించుట ఎట్లు — ఇవి దీని విషయములు. వీనిలో మూడింటిని మాత్రము నేను వివరింతును.

మొదటిది సాక్షి జ్ఞాపకము. కంటితో చూచినవాడు చెప్పినదానికి తిరుగు లేదని మన నమ్మకము. ఇరువదవ శతాబ్దారంభమున జర్మనీలోని బెర్లిను నగరమున ఫాన్ లిస్ట్ అను న్యాయశాస్త్రాచార్యుడు తన తరగతిలో ఇద్దరు విద్యార్థులచే ఒక బూటకపు కలహము జరిపించెను. మాటామాటా పెరిగినది, ఒకడు పిస్తోలు తీసెను. చూచుచున్న వారికి ఇది ఏర్పాటని తెలియదు. పిమ్మట వారిని సాక్ష్యమడుగగా, ప్రతివాని వాఙ్మూలమునను తప్పులు దొరలినవి. జరిగినది కొంత విడిచిరి, జరుగనిది కొంత చేర్చిరి. వారెవ్వరును అబద్ధమాడదలచినవారు కారు.

దీనికంటె విచిత్రమైన పరీక్షను 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్ అను విదుషియు, పామర్ అనువారును జరిపిరి. విద్యార్థులకు మోటారు ప్రమాదముల చలనచిత్రములు చూపి, కార్లు ఎంత వేగముగా పోవుచుండెనని అడిగిరి. ప్రశ్నలో ఒక్క మాట మాత్రము మార్చిరి. కార్లు 'తాకినప్పుడు' అని అడిగినచో సగటున గంటకు 31.8 మైళ్లని చెప్పిరి. 'నుజ్జగునట్లు గుద్దుకొన్నప్పుడు' అని అడిగినచో నలుబది మైళ్లకు పైననిరి. మరియొక పరీక్షలో, చిత్రము చూచిన వారము దినములకు, పగిలిన గాజుపెంకులు కనబడినవా యని ప్రశ్నించిరి. చిత్రములో గాజుపెంకులు లేనే లేవు. అయినను నుజ్జను మాట వినిన ఏబదిమందిలో 16గురు కనబడినవనిరి. మెత్తని మాట వినిన ఏబదిమందిలో ఏడుగురే యట్లనిరి. చూచితిరా! ప్రశ్నయే సాక్షి మనస్సులో విత్తనము నాటినది. వారము గడచునప్పటికి అది జ్ఞాపకమై మొలచినది.

రెండవది, అబద్ధమాడువానిని గుర్తుపట్టుట. ఈ విషయమున మన పూర్వులు వెనుకబడినవారు కారు. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయము వ్యవహారమును గూర్చినది. కంఠస్వరము, మొగపు వన్నె, కన్నులు, చేష్టలు మొదలగు బాహ్యచిహ్నములచే అంతరంగమును తెలియవలెనని అందు చెప్పబడినది. యాజ్ఞవల్క్యస్మృతియు దుష్టుని లక్షణములు చెప్పినది: నిలుకడగా ఒకచోట నుండడు, పెదవుల కొనలు నాకుకొనును, నుదుట చెమట పట్టును, మొగము వివర్ణమగును. అయితే ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు ఇక్కడ ఒక హెచ్చరిక చేసెను. ఈ చిహ్నములు దోషముండవచ్చునను ఊహకు మాత్రమే గాని నిశ్చయమునకు పనికిరావనియు, సహజముగ గలిగిన వికారమును కారణముచే గలిగిన వికారమును వేరుపరచుట కష్టమనియు దాని సారము. ఆ మితాక్షరనే పదుమూడవ శతాబ్దమున కేతన మనకు విజ్ఞానేశ్వరీయముగా తెనిగించి యిచ్చినాడు.

ఈ హెచ్చరికయొక్క విలువ నేడు లెక్కలలో తేలినది. 2006లో బాండ్, డిపాలో అను ఇరువురు పండితులు అంతకుముందు జరిగిన అనేక పరీక్షలను ఒకచోట చేర్చి గణించిరి. మాట విని, మొగము చూచి సత్యాసత్యములు చెప్పుమన్నచో మనుష్యులు సగటున నూటికి 54 సారులు మాత్రమే సరిగా చెప్పగలిగిరి. కన్నులు మూసికొని నాణెము నెగురవేసినను 50 సారులు సరిపోవును గదా! నిరపరాధియైన పేదవాడు అధికారి యెదుట వణకును. ఆరితేరిన మోసగాడు నవ్వుచు నిలుచును. విజ్ఞానేశ్వరుని మాట మరువరాదు.

మూడవది నేరాంగీకారము. చేయని నేరమును ఎవడైన ఒప్పుకొనునా? ఒప్పుకొనును. ఇంగ్లండులో 1974లో మదిరాశాలలలో బాంబులు ప్రేలి పలువురు మరణించిరి. గిల్డ్‌ఫర్డ్ వ్యాజ్యమున నలుగురికిని, బర్మింగ్‌హామ్ వ్యాజ్యమున ఆరుగురికిని 1975లో యావజ్జీవ శిక్ష పడినది. పోలీసుల యొద్ద చేసినవని చెప్పబడిన అంగీకారములు ఆ తీర్పులకు ప్రధానాధారములు. తుదకు ఆ తీర్పులు నిలువరానివని పై న్యాయస్థానము కొట్టివేయగా, మొదటివారు 1989లోను రెండవవారు 1991లోను విడుదలైరి. నిద్రలేమి, భయము, ఒంటరితనము, ఎదుటివాని మాటకు లొంగు స్వభావము, ఇవి మనుష్యుని చేత ఏమి పలికించునో ఐస్‌లండు దేశీయుడైన గుడ్‌యాన్సన్ మొదలగు మనశ్శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. మన దేశమున పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారమును ముద్దాయిపై రుజువుగా ఉపయోగింపరాదని 1872 నాటి సాక్ష్యపు చట్టముననే యున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునను, 23వ సెక్షనులో, ఆ రక్షణ నిలిచియున్నది.

ఇక ఈ విద్యను ఎట్లు నేర్చెదరో విచారింతము. ఇంగ్లండులో పలు విశ్వవిద్యాలయములు దీనిని బోధించుచున్నవి. డిగ్రీ చదువు సాధారణముగా మూడేండ్లు. కొన్నిచోట్ల రెండవ యేటికిని కడపటి యేటికిని నడుమ ఒక సంవత్సరము విద్యార్థిని బయటి సంస్థలో పనిచేయ బంపుదురు. అప్పుడు చదువు నాలుగేండ్లగును. రెండు రొట్టెముక్కల నడుమ కూరయుంచినట్లుండుటచే దీనిని శాండ్‌విచ్ చదువనియు నందురు. ఆ బయటి పనికి ప్లేస్‌మెంట్ అని పేరు. జైళ్లు, శిక్ష ముగిసినవారిని కనిపెట్టియుండు ప్రొబేషను శాఖ, దారి తప్పిన బాలుర శాఖ, బాధితులకు తోడ్పడు ధర్మసంస్థలు, మతిచలించి నేరము చేసినవారిని ఉంచు ఆసుపత్రులు, ఇట్టివి ఆ పనికి తావులు. 1863లో తెరవబడిన బ్రాడ్‌మూర్ అట్టి ఆసుపత్రియే. అది జైలు కాదు. చుట్టును ఎత్తయిన గోడలుగల వైద్యశాల.

అక్కడ విద్యార్థి ఏమి చేయును? ఖైదీలకు చికిత్స చేయునని భ్రమపడవలదు. మొదట అతని పూర్వచరిత్రను విచారించి, మచ్చ లేనిదని తేలినగాని లోనికి రానీయరు. పిమ్మట పెద్దలు నడుపు గోష్ఠులలో ఒక మూల కూర్చుండి చూచును. ప్రశ్నపత్రములను పోగుచేయును, లెక్కలు కట్టును, దస్త్రములు చదివి సారము వ్రాయును. తలుపు లెప్పుడు తీయవలెనో, తన ఇంటి సంగతి ఎంతవరకు చెప్పరాదో, వినిన రహస్యము నెట్లు కడుపులో దాచుకొనవలెనో నేర్చుకొనును. అంతకంటె ముఖ్యముగ, తనకు కలిగిన జాలిని, కోపమును, జుగుప్సను తానే గుర్తించి ప్రతిదినము కాగితముపై వ్రాసి, పైయధికారి యెదుట పెట్టవలెను. పాణినిని కంఠస్థము చేసినవాడెల్ల సభలో మాటలాడలేడు. నీటిలో దిగక ఈత రాదు. అయితే ఈత నేర్చువానిని చూచుటకు గట్టుమీద ఒకడు నిలిచియుండవలెను. ఈ విద్యకు ఆ గట్టుమీది మనిషియే ప్రాణము.

ఆ కనిపెట్టుట విద్యార్థికి మాత్రమే కాదు, ఆచార్యులకును అవసరమే. దీనికొక దృష్టాంతము చెప్పెదను. అత్యాచారములు చేసి జైలులో నున్నవారిని మార్చుటకు ఇంగ్లండు, వేల్సు జైళ్లలో ఒక శిక్షణపద్ధతిని చాలకాలము నడిపిరి. నడిపినవారు సదుద్దేశము గలవారు. అది ఉపకరించుచున్నదనియే నమ్మిరి. 2017లో ప్రభుత్వము వారే ఫలితములను లెక్కించి ప్రకటింపగా, శిక్షణ పొందినవారిలో నూటికి 10 మందియు, అట్టివారే పొందనివారిలో నూటికి 8 మందియు మరల అట్టి నేరమే చేసినట్లు తేలినది. ఆ పద్ధతిని మానివేసిరి. మంచి యుద్దేశము వేరు, మంచి ఫలము వేరు. తాను నమ్మినదానిని తానే పరీక్షించి, తప్పని తేలినచో విడుచుట యీ శాస్త్రమునకు గౌరవమే గాని అవమానము కాదు.

ఇప్పుడు తలిదండ్రులకు ముఖ్యమైన మాట. పై డిగ్రీ చేత బట్టినంతనే ఇంగ్లండులో ఎవరును ఫోరెన్సిక్ సైకాలజిస్టు కారు. ఆ పేరు చట్టముచే రక్షింపబడినది. 2009 నుండి హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ అను సంస్థ రిజిస్టరులో పేరున్నవారే దానిని ధరింపవలెను. బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ ఆమోదించిన డిగ్రీ మొదట ఉండవలెను. దానిపై ఆమోదించబడిన ఎమ్.ఎస్‌సి. చదువవలెను. ఆపైన కనీసము రెండేండ్లు అనుభవజ్ఞుని పర్యవేక్షణలో పనిచేయవలెను. డాక్టరేటు మార్గమును కలదు. ఏ మార్గమైనను దీర్ఘమే.

నా పూర్వశిష్యుడొకడు, ఇప్పుడు నలుబది దాటిన రైతు, తన కుమార్తెను వెంటబెట్టుకొని ఈ విషయమై నా యింటికి వచ్చెను. ఆతడు కూర్చుండకమునుపే, "పంతులుగారూ, మా అమ్మాయి సీమకు బోయి జైలులో పని నేర్చుకొందునని పట్టుపట్టినది. ఆడపిల్లను దొంగల నడుమకు పంపుదునా? మీరైనను బుద్ధి చెప్పుడు" అనెను. ఆ బాలిక నెమ్మదిగా, "తాతగారూ, వైద్యము చదువువారు రోగుల నడుమకు పోరా?" అనెను. నాకా మాట నచ్చినది. అయితే మాట నచ్చుట వేరు, రెండెకరములు తాకట్టు పెట్టుట వేరు.

ఆ పత్రములను తెప్పించి ముగ్గురమును చదివితిమి. మధ్యవర్తి యిచ్చిన రంగురంగుల పుస్తకములో ప్లేస్‌మెంట్ అను మాట పుటపుటనను ఉన్నది. అది ఎవరు వెదకి యిత్తురో ఎచ్చటను లేదు. నేను ఆమెచే నాలుగు ప్రశ్నలు వ్రాయించి, మధ్యవర్తికి గాక విశ్వవిద్యాలయమునకే పంపించితిని. ఈ డిగ్రీకి మనశ్శాస్త్ర పరిషత్తు ఆమోదము కలదా? పని చూపువారు మీరా, విద్యార్థియే వెదకికొనవలెనా? పరదేశ విద్యార్థులను జైళ్లలోనికి రానిత్తురా? ఆ సంవత్సరము జీతముండునా, రుసుమెంత?

ప్రత్యుత్తరము మర్యాదగా, స్పష్టముగా వచ్చినది. ఆమోదము కలదు. పని మాత్రము విద్యార్థియే పోటీపడి సంపాదించుకొనవలెను. దొరకనిచో మూడేండ్ల చదువునకు మారవలెను. జైలు శాఖవారు ఆ దేశమున కొన్నియేండ్లు నివసించియున్నవారినే కోరుట కలదు గనుక, క్రొత్తగా వచ్చినవారికి ధర్మసంస్థలలో పని దొరకుట సులభము. పలుచోట్ల జీతముండదు, రుసుము కొంత తగ్గును. రైతు ఆ జాబు రెండుమారులు చదివించుకొని, తాకట్టు కాగితమును మడచి జేబులో పెట్టుకొనెను. బాలిక కన్నీరు పెట్టలేదు. మన దేశములోనే మనశ్శాస్త్రమున బి.ఎ. చదివి, పైచదువు సంగతి పిమ్మట చూచుకొందునని తానే నిర్ణయించుకొనెను. ఇప్పుడామె రెండవ సంవత్సరమున నున్నది. వేసవిలో స్త్రీలకు న్యాయసహాయము చేయు ఒక సంస్థలో వ్రాతపనికి పోవుచున్నది. ఆమె కోరిక చావలేదు. దానికి కాళ్లు వచ్చినవి.

మన దేశమునను ఈ విద్యకు స్థానము లేకపోలేదు. గుజరాతులోని గాంధీనగరమున స్థాపింపబడి, 2020లో పార్లమెంటు శాసనముచే జాతీయస్థాయి నందిన నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఇది బోధింపబడుచున్నది. మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి వ్యాజ్యమున ఒక గొప్ప తీర్పు నిచ్చినది. మనుష్యుని సమ్మతి లేక మత్తుమందిచ్చి మాటలాడించుట, అబద్ధమును పట్టు యంత్రమునకు కట్టుట, మెదడు పరీక్ష చేయుట రాజ్యాంగవిరుద్ధమని అది నిర్ణయించినది. మనస్సు పరుల చొరబాటునకు లోనుగాని తుది గృహమని దాని భావముగా నేను గ్రహించితిని. ఈ శాస్త్రము చదువువాడు మొదట నేర్వవలసినది ఆ గృహపు గడప దగ్గర నిలిచి తలుపు తట్టుట.

ఆడపిల్ల ఇట్టి విద్య చదువవచ్చునా యని సంశయించు పెద్దలకు నా మనవి యిది. నేరమునకు గురియైనవారిలో స్త్రీలు, పసిబిడ్డలు ఎందరో కలరు. వారి నోట నిజము వెడలుటకు ఓర్పుగల స్త్రీకంఠము అవసరము. పిల్ల కోరినదని తొందరపడి పంపవలదు; ఆడపిల్లయని ఊరక వలదనవలదు. ఆ నాలుగు ప్రశ్నలడిగి, వ్రాతమూలకముగ ఉత్తరము తెప్పించుకొని, అటుపిమ్మట నిర్ణయింపుడు.

మీరు స్వయముగ ఈ విద్య చదువనక్కరలేదు. అయినను రేపు మీ రచ్చబండకడ ఒక తగవు వచ్చినప్పుడు దీని సారము కొంత వినియోగింపవచ్చును. సాక్షులను ఒకరి మాట ఒకరు వినకుండ వేరువేరుగా పిలువుడు. "వాడే గదా కొట్టినది?" అని అడుగక, "నీవేమి చూచితివి?" అని అడిగి, తుదివరకు అడ్డుపడక వినుడు. పసిబిడ్డ నోట మన మాట పెట్టవలదు. వణకినవాడెల్ల దొంగ యనియు, బిగ్గరగా పలికినవాడెల్ల సత్యవంతుడనియు తలపవలదు. నేరము పెద్దదైనచో మనము విచారింపక, చట్టప్రకారము విచారించువారికి అప్పగింపుడు.